ఫారం అడగని ప్రశ్న: లారీ డ్రైవర్లు, గురక, వైద్య ధ్రువపత్రం

లారీ, ట్యాంకరు, బస్సు వంటి రవాణా వాహనాలను నడపడానికి లైసెన్సు కోరేవారు, ఉన్న లైసెన్సును పునరుద్ధరించుకోదలచినవారు దరఖాస్తుతో పాటు వైద్యుని ధ్రువపత్రాన్ని సమర్పించాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో ఈ పత్రానికి ఫారం 1-ఎ అని పేరు. 2019లో చట్టాన్ని సవరించిన తరువాత రవాణా వాహన లైసెన్సు ఐదేళ్లపాటు చెల్లుతున్నది. ప్రమాదకరమైన సరుకులు మోసే వాహనాల విషయంలో ఆ గడువు మూడేళ్లు. కనుక ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరూ కొన్నేళ్లకొకసారి వైద్యుని ఎదుట కూర్చోక తప్పదు.

ఆ పత్రంలో వైద్యుడు ఏమేమి చూడాలో స్పష్టంగా ఉంటుంది. చూపులో లోపం ఉన్నదా, ఉంటే కళ్లద్దాలతో సరిపోతున్నదా, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి నంబరు పలకను గుర్తించగలరా, రంగులు పోల్చుకోగలరా, రేచీకటి ఉన్నదా, హారను వినిపించనంత చెవుడు ఉన్నదా, కాళ్లూ చేతులూ కీళ్లూ సరిగా పనిచేస్తున్నవా. ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే. అయితే ‘రాత్రి మీకు నిద్ర ఎలా పడుతున్నది? గురక వస్తుందా? పగలు తూగు వస్తుందా?’ అన్న ప్రశ్న ఆ పత్రంలో ఎక్కడా లేదు. కళ్లు ఎంత బాగా కనిపించినా, అవి మూతపడిన క్షణాన ఆ చూపు ఎందుకూ కొరగాదు.

ఫారం అడగని ఆ ప్రశ్నను డ్రైవరు తానుగా వైద్యుని ముందుకు తీసుకుపోవడం ఎందుకు మేలో, అలా చెప్పుకున్నందువల్ల జీవనోపాధికి ఏమవుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గురక సుఖనిద్రకు గుర్తు కాదు

ఎవరైనా గుర్రు పెట్టి నిద్రపోతే ఒళ్లెరగని సుఖనిద్ర పట్టిందనడం మన వాడుక. వైద్యశాస్త్రం చెప్పేది చాలాసార్లు దీనికి విరుద్ధం. నిద్రలో గొంతు కండరాలు సడలినప్పుడు గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలి వెళ్లేటప్పుడు కలిగే చప్పుడే గురక. కొందరిలో ఆ దారి పూర్తిగా మూసుకుపోయి, పది సెకన్లో, ఇరవై సెకన్లో, కొన్నిసార్లు అంతకు మించో ఊపిరి ఆగిపోతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి నిద్రను చెదరగొట్టి, గొంతు తెరిపించి, మళ్లీ ఊపిరి ఆడిస్తుంది. ఆ వ్యక్తికి ఇదేమీ తెలియదు. తెల్లవారాక గుర్తూ ఉండదు. ఈ వ్యాధినే స్లీప్ ఆప్నియా అంటారు.

ఊపిరి ఆగడం, బాగా తగ్గిపోవడం గంటకు ఎన్నిసార్లు జరుగుతుందన్న లెక్కను బట్టి వ్యాధి తీవ్రతను నిర్ణయిస్తారు. గంటకు 5 నుంచి 14 సార్లయితే స్వల్పం, 15 నుంచి 29 సార్లయితే మధ్యస్థం, 30 గాని అంతకు మించి గాని అయితే తీవ్రం. గంటకు 30 అంటే రెండు నిమిషాలకొకసారి. ఏడు గంటలు పడుకున్న మనిషికి ఆ రాత్రి 210 సార్లు నిద్ర చెదిరిందన్నమాట. గడియారం లెక్కన అతడు ఏడు గంటలు నిద్రపోయాడు, కాని శరీరానికి ఆ విశ్రాంతి అందలేదు.

ఇది అరుదైన వ్యాధి కాదు. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు దేశంలోని అధ్యయనాలను క్రోడీకరించి 2023లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, మన దేశపు వయోజనుల్లో సుమారు 11 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నది. స్త్రీలలో కన్న పురుషులలో ఎక్కువ. వయస్సు పెరగడం, బరువు పెరగడం, మెడ లావెక్కడం దీనికి తోడ్పడతాయి. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, వేళకాని వేళ దాబా భోజనం, వేళాపాళా లేని నిద్ర, పని ముగిశాక మద్యం, పొగాకు: వీటిలో ఏవి లారీ వృత్తికి దూరంగా ఉన్నాయో డ్రైవర్లే చెప్పగలరు. స్లీప్ ఆప్నియా కేవలం నిద్రకు సంబంధించిన వ్యాధి కూడా కాదు. మాత్రలకు లొంగని రక్తపోటుకు, గుండె లయ తప్పడానికి, పక్షవాతానికి దీనితో సంబంధం ఉన్నది.

నాలుగు సెకన్ల కునుకు

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు సాగుతుంది. స్టీరింగు పట్టుకున్న మనిషికి నాలుగు సెకన్లు కునుకు పట్టిందనుకుందాం. ఆ నాలుగు సెకన్లలో బండి 66 మీటర్లు దాటిపోతుంది. నంబరు పలకను 25 మీటర్ల నుంచి గుర్తించగలరా అని ఫారం అడుగుతున్నది. ఇక్కడ దానికి రెండున్నర రెట్లకు మించిన దూరం ఎవరూ చూడకుండానే గడిచిపోయింది. బెంగళూరులో బయలుదేరి అనంతపురం, కర్నూలు మీదుగా హైదరాబాదు చేరే దారి దాదాపు 570 కిలోమీటర్లు. ఆ దారి పొడవునా ఇటువంటి కునుకు ఒక్కటి చాలు.

ఉద్యోగ వైద్య పరీక్షలు జరిపించుకున్నవారిలోనూ ఈ వ్యాధి బయటపడకుండా ఉండిపోతుందనడానికి అమెరికా రైళ్ల చరిత్ర సాక్ష్యం. 2013 డిసెంబరు 1న న్యూయార్కులో ఒక ప్రయాణికుల రైలు, గంటకు సుమారు 48 కిలోమీటర్ల వేగంతో తిరగవలసిన మలుపులో 130 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చి పట్టాలు తప్పింది. నలుగురు మరణించారు. 2016 సెప్టెంబరు 29న న్యూజెర్సీలోని హోబోకెన్ స్టేషనులో మరొక రైలు ఆగవలసిన చోట ఆగకుండా దూసుకుపోయి ఒకరి ప్రాణం తీసింది. రెండు ప్రమాదాల్లోనూ రైలు నడిపినవారికి స్లీప్ ఆప్నియా ఉన్నదనీ, అది అంతవరకూ ఎవరి దృష్టికీ రాలేదనీ దర్యాప్తులో తేలింది.

నిద్ర చాలకపోవడం వేరు, నిద్ర చెడిపోవడం వేరు

ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి. రెండు రాత్రులు వరుసగా బండి నడిపిన మనిషికి తూగు రావడం వ్యాధి కాదు. అది విశ్రాంతి లేకపోవడం. దానికి మందు నిద్రే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 2025లో రద్దయ్యేదాకా ఐదుగురు గాని అంతకు మించి గాని కార్మికులున్న రవాణా సంస్థలకు వర్తించేది. సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదనీ, ఐదు గంటల పని తరువాత కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ ఆ చట్టం చెప్పేది. దూర ప్రయాణాల వంటి సందర్భాల్లో కొంత సడలింపు ఉండేది. ఆ విశ్రాంతి ఇవ్వవలసిన బాధ్యత యజమానిది. డ్రైవరు నిద్ర చాలక తూగుతున్నప్పుడు, తప్పంతా అతడి గొంతులోనే ఉన్నదని వైద్య పరీక్ష పేరుతో తేల్చడం న్యాయం కాదు.

కాని సెలవు దినాన ఇంట్లో ఎనిమిది గంటలు పడుకుని లేచినా తల బరువుగా ఉండి, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతుంటే అది వేరే సంగతి. ఆ తూగును టీ గాని, పొగాకు గాని, ముఖం మీద చల్లుకున్న నీళ్లు గాని ఎక్కువసేపు ఆపలేవు. నిద్రపట్టడానికని మద్యమో, నిద్రమాత్రో తీసుకుంటే గొంతు కండరాలు మరింత సడలి వ్యాధి ముదురుతుంది.

ఇతర దేశాలు ఏమి చేశాయి

అమెరికాలో పెద్ద వాహనాలు నడిపేవారికి ఇచ్చే వైద్య కార్డు గరిష్ఠంగా రెండేళ్లు చెల్లుతుంది. బండిని అదుపులో ఉంచుకునే శక్తికి భంగం కలిగించే శ్వాస సంబంధ వ్యాధి ఉండరాదన్నది అక్కడి నియమం. స్లీప్ ఆప్నియా ఎవరిలో వెతకాలి, ఎలా వెతకాలి అన్నదానిపై ప్రత్యేక నిబంధన తెచ్చే ఆలోచనను ప్రభుత్వం 2016 మార్చిలో ప్రజాభిప్రాయానికి పెట్టి, 2017 ఆగస్టులో విరమించుకున్నది. ఆ విధంగా నిర్ణయం ఆయా వైద్యుల విచక్షణకే మిగిలిపోయింది. ఒక వైద్యుడు మెడ చుట్టుకొలతా బరువూ చూసి నిద్ర పరీక్ష చేయించుకు రమ్మని స్వల్పకాలపు కార్డు ఇస్తే, మరొక వైద్యుడు అదే మనిషికి రెండేళ్ల కార్డు ఇవ్వవచ్చు. నిద్ర బాగానే పడుతున్నదని చెబుతున్నా కేవలం మెడ కొలతను బట్టి ఖర్చుతో కూడిన పరీక్షకు పంపుతున్నారని అక్కడి డ్రైవర్లు చాలాకాలంగా ఆక్షేపిస్తున్నారు. వారి బాధలో అర్థం ఉన్నది. పరీక్ష ఖర్చు, పోగొట్టుకునే పనిదినాలు రెండూ వారి మీదనే పడతాయి.

ఐరోపా సమాఖ్య మరొక దారి పట్టింది. 2014లో చేసిన ఆదేశాన్ని అనుసరించి 2015 చివరి నుంచి, మధ్యస్థమైన లేదా తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉన్నవారు చికిత్స పొందుతూ, పగటి తూగు తగ్గిందని వైద్యుడు ధ్రువీకరిస్తే వాహనం నడపవచ్చు. భారీ వాహనాలు నడిపేవారు ఏడాదికి ఒకసారైనా మళ్లీ చూపించుకోవాలి. వ్యాధి ఉన్నంత మాత్రాన చక్రం వదలనక్కరలేదు. అదుపులో ఉంచుకోకపోతేనే వదలాలి.

ఈ సూత్రం ఆచరణలో నిలుస్తుందనడానికి ఆధారం ఉన్నది. అమెరికాలోని ఒక పెద్ద రవాణా సంస్థ డ్రైవర్లపై జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. ఈ వ్యాధి ఉండి చికిత్సను పూర్తిగా విస్మరించినవారిలో, నివారించదగిన తీవ్ర ప్రమాదాల రేటు వ్యాధి లేనివారి కన్న ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. చికిత్సను పాటించినవారి ప్రమాదాల రేటు వ్యాధి లేనివారి రేటుకు దగ్గరగానే ఉన్నది.

చెబితే లైసెన్సు పోతుందా?

చాలామంది నోరు కట్టేస్తున్న భయం ఇదే. దీనిని తేలికగా కొట్టిపారేయలేము. స్వస్థలం వదిలి పరభాష మాట్లాడే నగరంలో బతుకుతున్న డ్రైవరుకు లైసెన్సే ఆస్తి. నాలుగు రోజులు పనికి రాకపోతే బండి తాళం మరొకరి చేతికి పోతుందన్న బెదురు ఉంటుంది.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. దరఖాస్తుదారు తనంత తానుగా సంతకం చేసే ఫారం 1లో మూర్ఛ, స్పృహ తప్పడం, కళ్లు తిరగడం వంటి వాటితో పాటు చివరగా మరొక ప్రశ్న ఉన్నది: మీరు వాహనం నడపడం ప్రజలకు ప్రమాదకరం కాగల మరే వ్యాధి అయినా, వైకల్యమైనా ఉన్నదా, ఉంటే వివరాలు తెలపండి. ఈ ప్రశ్నలో కీలకమైన మాట ‘వ్యాధి’ కాదు, ‘ప్రమాదకరం’. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో స్లీప్ ఆప్నియా పేరు చెప్పి లైసెన్సును నిషేధించిన సెక్షను ఏదీ లేదు. వ్యాధి కారణంగా లైసెన్సును రద్దు చేసే అధికారాన్ని 16వ సెక్షను అధికారికి ఇస్తున్నది. అదే సెక్షను, లైసెన్సు కొనసాగాలంటే తాజా వైద్య ధ్రువపత్రం తెమ్మని కోరే అవకాశాన్నీ కల్పిస్తున్నది. చికిత్సతో తూగు అదుపులోకి వచ్చిందని వైద్యుడు రాసిచ్చిన కాగితం అటువంటి సమయంలో డ్రైవరుకు అండగా నిలుస్తుంది.

దాచిపెట్టడానికి కూడా ధర ఉన్నది. ప్రజలకు ప్రమాదం కలిగించే వ్యాధి తనకున్నదని తెలిసి కూడా వాహనం నడిపితే 186వ సెక్షను కింద మొదటిసారి వెయ్యి రూపాయల వరకు, మళ్లీ చేస్తే రెండు వేల వరకు జరిమానా. ‘తెలిస్తేనే కదా నేరం, తెలుసుకోకుండా ఉంటే సరి’ అని వాదించేవారూ ఉన్నారు. తెలియకపోవడం వెయ్యి రూపాయల జరిమానా నుంచి కాపాడవచ్చు. ఎదురుగా వచ్చే బస్సు నుంచి కాపాడదు.

నిజాన్ని నిజంగానే చెప్పుకోవాలి. వ్యాధి తీవ్రంగా ఉండి పగటి తూగు అదుపులో లేకపోతే, చికిత్స కుదురుకునేదాకా బండి ఎక్కవద్దని వైద్యుడు చెప్పవచ్చు. ఆ రోజుల కూలి నష్టం నిజమైనదే. దానిని తగ్గించుకునే మార్గం ఒకటి ఉన్నది. లైసెన్సు గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచే పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు తేదీ దాకా ఆగకుండా, ఏడెనిమిది నెలల ముందుగానే నిద్ర సంగతి వైద్యునికి చూపించుకుంటే, పరీక్షకూ చికిత్సకూ వ్యవధి దొరుకుతుంది. ఫారం 1-ఎ పై సంతకం చేయించుకునే నాటికి వ్యాధి అదుపులో ఉంటుంది.

ఇంటి దగ్గరే వేసుకోవలసిన ఎనిమిది ప్రశ్నలు

ప్రపంచమంతటా వైద్యులు వాడుతున్న ఒక చిన్న ప్రశ్నావళి ఉన్నది. దాని సారం ఇది:

1. మూసిన తలుపు అవతలికి వినిపించేంత పెద్దగా గురక వస్తుందా?
2. పగటిపూట తరచుగా అలసట, తూగు ఉంటున్నవా?
3. నిద్రలో మీ ఊపిరి ఆగడం గాని, ఉక్కిరిబిక్కిరి కావడం గాని ఎవరైనా చూశారా?
4. రక్తపోటు ఉన్నదా, దానికి మందులు వాడుతున్నారా?
5. ఎత్తుకు మించిన బరువు ఉన్నదా? 5 అడుగుల 6 అంగుళాల మనిషికి 98 కిలోలు దాటడం ఇందులోని హద్దు. మన దేశస్థుల్లో అంతకన్న తక్కువ బరువు ఉన్నవారికీ ఈ వ్యాధి వస్తుంది.
6. వయస్సు 50 దాటిందా?
7. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు మించిందా?
8. మీరు పురుషులా?

మూడింటికి ‘అవును’ అని జవాబు వస్తే వైద్యునితో మాట్లాడాలి. ఐదు గాని అంతకు మించి గాని అయితే ఆలస్యం చేయరాదు. పొద్దున లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం కూడా గమనించదగినవి. మూడవ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉండదు. అది ఇంట్లో మీ భార్యకు, బండిలో మీ క్లీనరుకు తెలుసు. వారు చెప్పేదాన్ని వేళాకోళంగా తీసుకోకండి. వీలైతే వైద్యుని దగ్గరకు వారిని వెంటబెట్టుకు వెళ్లండి.

పరీక్ష, చికిత్స

మొదట సాధారణ వైద్యుని గాని, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగాన్ని గాని, చెవి ముక్కు గొంతు విభాగాన్ని గాని సంప్రదించవచ్చు. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు ముందు తమ ఈఎస్ఐ డిస్పెన్సరీలో అడగాలి. నిద్ర పరీక్షలో కోత గాని, సూది గాని ఉండదు. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి మెదడు, ఊపిరి, గుండె, ప్రాణవాయువుల తీరును నమోదు చేస్తారు. కొందరికి ఇంటికే చిన్న పరికరం ఇచ్చి పంపుతారు; ముక్కు దగ్గర ఒక గొట్టం, ఛాతీకి ఒక పట్టీ, వేలికి ఒక క్లిప్పు పెట్టుకుని పడుకుంటే చాలు.

స్వల్పమైన వ్యాధికి బరువు తగ్గడం, మద్యం మానడం, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం, కొందరికి దంతవైద్యుడు అమర్చే పరికరం సరిపోవచ్చు. మధ్యస్థ, తీవ్ర దశలలో సాధారణంగా సీపాప్ అనే చిన్న యంత్రాన్ని సూచిస్తారు. అది ముక్కుకు తొడిగిన మాస్కు గుండా మెల్లని గాలి ఒత్తిడిని పంపి గొంతు మూసుకుపోకుండా నిలుపుతుంది. ధర కొన్ని పదుల వేల రూపాయల్లో ఉంటుంది కనుక, కొనేముందు అద్దెకు దొరుకుతుందేమో విచారించండి. తగిన విద్యుత్ పరికరం అమర్చుకుంటే కొన్ని యంత్రాలు బండి బ్యాటరీ మీద కూడా పనిచేస్తాయి. అమెరికాలో ఎందరో డ్రైవర్లు వాటిని క్యాబినులోనే వాడుతున్నారు. యంత్రం ఏ రాత్రి ఎన్ని గంటలు వాడారో తానే నమోదు చేసుకుంటుంది. ఆ నమోదు రేపు వైద్యునికి చూపించే రుజువు అవుతుంది.

వైద్యునికి చెప్పడానికి మాటలు

ఫారాలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. చదివించుకోకుండా సంతకం చేయకండి. ఫారం 1లోని చివరి ప్రశ్నను ప్రత్యేకించి చదివించుకోండి. కన్నడ వైద్యునితో మాట్లాడేటప్పుడు గురకను ‘గొరకె’ అనీ, నిద్రను ‘నిద్దె’ అనీ, ఊపిరిని ‘ఉసిరు’ అనీ చెప్పండి. తమిళంలో ఇవే ‘కురట్టై’, ‘తూక్కం’, ‘మూచ్చు’. కన్నడపు ‘ఉసిరు’ మన తెలుగు ‘ఉసురు’కు దగ్గరి చుట్టమే. మనం ఆ మాటను ప్రాణమన్న అర్థంలో వాడుతున్నాం, వారు శ్వాస అంటున్నారు. రాత్రి పొడవునా ఆగి ఆగి నడుస్తున్న ఊపిరి విషయంలో ఆ రెండు అర్థాలకూ తేడా లేదు.

వచ్చే పునరుద్ధరణ తేదీని మీ లైసెన్సుపై చూసుకోండి. ఈ రాత్రి ఇంట్లో పై ఎనిమిది ప్రశ్నలూ చదివించుకోండి. వైద్యుడు కళ్లు, చెవులు, చేతులు చూసి సంతకానికి కలం తీసినప్పుడు, ‘నిద్ర సంగతి ఒకటి చెప్పాలి’ అని మీరే మొదలుపెట్టండి.